మినీ ట్రాక్టర్‌కి దుంగలు పట్టే హైడ్రాలిక్ గ్రాపుల్ సొంతంగా చేయించుకోవడం ఎలా?

కొబ్బరి తోటలో చెట్టు పడిపోతే దాన్ని అక్కడే వదిలేయకూడదు. కుళ్ళుతున్న మొద్దులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. దెబ్బ తగిలిన చెట్టుకి ఎర్రముక్కు పురుగు చేరుతుంది. రెండూ తర్వాత పక్కన ఉన్న మంచి చెట్ల మీద పడతాయి. 1996 నవంబరు 6 తుఫాను తర్వాత కోనసీమ తోటల్ని చూసినవాళ్ళకి, పడిన మానుల్ని బయటికి లాగడం ఎంత చాకిరో వివరించక్కర్లేదు. బోదెల మధ్య ఉండే మెరకల మీద పెద్ద మెషిన్లు తిరగవు, తిరిగినా వేళ్ళు తొక్కేస్తాయి. 25, 30 హార్స్‌పవర్ మినీ ట్రాక్టర్ మాత్రం హాయిగా తిరుగుతుంది. దాని వెనక బిగించే గ్రాపుల్ ఒకటి ఉంటే ఇద్దరు మనుషులు చాలు.

గ్రాపుల్ అంటే హైడ్రాలిక్ సిలిండర్‌తో మూసుకునే పెద్ద పట్టకారు, అంతే. అమలాపురం, రావులపాలెం, తణుకు లాంటి ఊళ్ళలో ట్రాక్టర్ ట్రక్కులు కట్టే షెడ్డువాళ్ళకి ఇది కష్టమైన పని కాదు. కష్టం కొలతల దగ్గర వస్తుంది. ఆ కొలతలు మీరే తీసుకుని వెళ్ళాలి.

మొదట ముందు చక్రాల లెక్క

చాలామంది ముందుగా సిలిండర్ ఎంత పెద్దది కొనాలని అడుగుతారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది మీ ట్రాక్టర్ ఎంత బరువు మోయగలదన్నది. లిఫ్ట్ సామర్థ్యం 750 కిలోలని పుస్తకంలో రాసి ఉందని అంత బరువూ వేలాడదీయకూడదు. లిఫ్ట్ ఎత్తుతుంది, కానీ ముందు చక్రాలు లేచిపోతాయి.

ఉదాహరణకి ట్రాక్టర్ బరువు 900 కిలోలు, అందులో ముందు చక్రాల మీద 360 కిలోలు, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం మీటరున్నర అనుకుందాం. 30 సెం.మీ. లావు, 3 మీటర్ల పొడవున్న పచ్చి దుంగ 200 కిలోలు దాటుతుంది (పచ్చి కర్రని ఘనమీటరుకి టన్ను చొప్పున లెక్కేసుకోవచ్చు). గ్రాపుల్, ఫ్రేము కలిపి ఇంకో 100. ఈ 300 కిలోలు వెనక ఇరుసుకి 1.2 మీటర్ల దూరంలో వేలాడితే ముందు చక్రాల మీద నుంచి 240 కిలోలు తగ్గిపోతాయి. మిగిలేది 120. మొత్తం బరువులో కనీసం ఐదో వంతు ముందు చక్రాల మీద ఉంటేనే స్టీరింగ్ మాట వింటుంది. ఇక్కడ పదో వంతే ఉంది. తడి నేల మీద, పంట కాలవ గట్టు పక్కన ఇది నిజంగా ప్రమాదం.

అందుకని దుంగని పూర్తిగా ఎత్తకండి. ఒక చివర పట్టుకుని అడుగు ఎత్తు లేపి, రెండో చివర నేల మీద ఈడ్చుకుంటూ వెళ్ళండి. అప్పుడు ట్రాక్టర్ మీద పడేది దుంగ బరువులో సగమే. పై లెక్కలో ముందు చక్రాల మీద 200 కిలోలు మిగులుతాయి. బంపర్ మీద 60 కిలోల వెయిట్లు పెడితే సరిపోతుంది. కింద చెప్పే కొలతలన్నీ ఈడ్చే పనికే. దుంగల్ని ట్రక్కులోకి ఎక్కించాలంటే అది వేరే మెషిను. దాన్ని మినీ ట్రాక్టర్‌తో చేయొద్దనే నా గట్టి అభిప్రాయం.

దవడలు, సిలిండర్

రెండు దవడలు, ఒక్కోదానికి ఒక పిన్ను. పిన్నుకి పైన చిన్న చెయ్యి, కింద వంపు తిరిగిన పొడుగు దవడ. రెండు పై చేతుల మధ్య సిలిండర్ అడ్డంగా ఉంటుంది. సిలిండర్ చాచుకుంటే పై చేతులు దూరం జరుగుతాయి, కింద కొనలు దగ్గరికొస్తాయి. అంటే బిగించేటప్పుడు సిలిండర్ పూర్తి బలం వాడుకుంటాం.

40 మి.మీ. బోరు (లోపలి వ్యాసం), 25 మి.మీ. రాడ్డు, 200 మి.మీ. స్ట్రోకు (రాడ్డు కదిలే దూరం) ఉన్న డబుల్ యాక్టింగ్ సిలిండర్ (ఆయిల్‌తోనే చాచుకునేది, ముడుచుకునేది) చాలు. 150 బార్ ప్రెషర్ దగ్గర అది దాదాపు 1,900 కిలోల బలంతో తోస్తుంది. పై చెయ్యి 150 మి.మీ., పిన్ను నుంచి కొన వరకు 450 మి.మీ. పెడితే కొన దగ్గర మూడో వంతు, అంటే 630 కిలోల పట్టు వస్తుంది. దుంగ బరువుని మోసేది కింద చుట్టుకున్న వంపు కాబట్టి ఈ పట్టు ధారాళంగా సరిపోతుంది. 50 మి.మీ. బోరు పెడితే బలం 3,000 కిలోలకి పోతుంది, దానికి తగ్గట్టు ప్లేట్లు, పిన్నులు, వెల్డింగులు అన్నీ పెంచాలి. బరువు పెరిగి మళ్ళీ ముందు చక్రాల దగ్గరికే వస్తాం.

దవడల పిన్నుల మధ్య దూరానికి ఒక సులువైన సూత్రం ఉంది. సిలిండర్ సగం చాచుకున్నప్పటి పొడవు ఎంతో, పిన్నుల మధ్య దూరం అంత పెట్టాలి. సిలిండర్ ముడుచుకున్నప్పుడు 400, పూర్తిగా చాచుకున్నప్పుడు 600 మి.మీ. ఉంటే పిన్నుల దూరం 500. అప్పుడు ఒక్కో కొన దాదాపు 300 మి.మీ. కదులుతుంది, నోరు 600 మి.మీ. తెరుచుకుంటుంది. ఇనుము కోయించే ముందు ఫ్రిజ్ అట్టపెట్టె మీద అసలు సైజులో గీసి, దవడల్ని కత్తిరించి, మేకుల మీద తిప్పి చూడండి. ఎక్కడ తగులుతుందో అట్టముక్కల మీదే కనబడిపోతుంది.

ఒక దవడ 16 మి.మీ. ప్లేటుతో ఒంటిపొరగా, రెండోది 10 మి.మీ. ప్లేట్లు రెండింటితో, మధ్యలో 30 మి.మీ. సందుతో చేయించండి. మూసినప్పుడు ఒంటి దవడ ఆ సందులోకి దూరుతుంది. కొబ్బరి మానుకి ఇది అవసరం లేకపోయినా సముద్రం ఒడ్డు ఇసుక నేలల్లో సరుగుడు వేసినవాళ్ళకి చాలా అవసరం. సన్నటి సరుగుడు గెడలు కట్టగా పట్టుకోవాలంటే కొనలు ఒకదాన్నొకటి దాటి పోవాలి. రెండు దవడలూ సమానంగా కదలడానికి ఎడమ దవడ పిన్నుకి 60 మి.మీ. పైనుంచి కుడి దవడ పిన్నుకి 60 మి.మీ. కిందకి ఒక లింకు పట్టీ వేయించండి.

దవడ పిన్ను మీద సిలిండర్ తోపు, కొన దగ్గరి పట్టు రెండూ కలిసి 2,500 కిలోల దాకా పడతాయి. 30 మి.మీ. ఈఎన్8 (మధ్యరకం కార్బన్ స్టీలు) షాఫ్టు, లేత్‌లో తీసిన బుష్షు, గ్రీజు నిపిల్ పెట్టండి. పిన్నుకి రెండు పక్కలా ప్లేటు ఉండాలి, ఒక్క పక్క నుంచి వేలాడకూడదు. కొనలకి పాత లారీ కమాను పట్టీలు వేస్తామంటారు షెడ్డులో. ఆ స్టీలు గట్టిదే, కానీ మామూలుగా వెల్డింగ్ చేస్తే అతుకు పక్కనే పగులుతుంది. వద్దని చెప్పండి.

వెల్డింగుకి 7018 రకం (తక్కువ హైడ్రోజన్) రాడ్లు వాడించండి. మన గాలిలో తేమ ఎక్కువ. విప్పి ఉంచిన ప్యాకెట్టులో రాడ్లు చెమ్మ పీల్చుకుంటాయి, అతుకు పైకి బాగానే కనిపించినా లోపల బొక్కలు పడతాయి, పగుళ్ళొస్తాయి. కొత్త ప్యాకెట్టు తీసుకోండి, లేదంటే ఓవెన్‌లో ఆరబెట్టిన రాడ్లే వాడించండి. గ్రాపుల్‌ని ట్రాక్టర్ నుంచి విడదీశాకే వెల్డింగ్ చేయాలి, సిలిండర్ రాడ్డుకి తడి గోనె చుట్టాలి. నిప్పురవ్వ పడి క్రోమింగ్ లేచిందంటే సీలు కొద్ది రోజుల్లోనే పోతుంది.

వేలాడదీయడం

ట్రాక్టర్ వెనక పరికరాలు తగిలించే త్రీ పాయింట్ లింకేజికి 75 మి.మీ. ఛానల్‌తో త్రికోణం ఫ్రేము చాలు. మినీ ట్రాక్టర్లకి సాధారణంగా కింద లింకు పిన్నులు 22, టాప్ లింకు పిన్ను 19 మి.మీ. ఉంటాయి, మీవి ఒకసారి కొలుచుకోండి. గ్రాపుల్ వేలాడే చోటు వెనక టైర్లకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. ట్రాక్టర్ మలుపు తిరిగినప్పుడు దుంగ కూడా తిరగడానికి 40 మి.మీ. నిలువు పిన్ను, దానికి క్యాజిల్ నట్టు, స్ప్లిట్ పిన్ను పెట్టండి. పూర్తిగా చుట్టూ తిరగనివ్వకుండా రెండు పక్కలా అడ్డు ముక్కలు వెల్డ్ చేయించండి. లేకపోతే పైపులు మెలిపడి తెగుతాయి.

ఆయిల్ లైను

ట్రక్కు జాకీకి వాడే బయటి లైను సాధారణంగా ఒక్కటే ఉంటుంది. అది ఆయిల్‌ని తోస్తుంది, వెనక్కి రావడం బరువు వల్ల జరుగుతుంది. మనకి తెరవడానికీ మూయడానికీ రెండు లైన్లు కావాలి. ఓపెన్ సెంటర్ (లివర్ మధ్యలో ఉంటే పంపు ఆయిల్ ట్యాంకుకి పోయే) డబుల్ యాక్టింగ్ స్పూల్ వాల్వ్, అంటే లివర్‌తో ఆయిల్ దారి మార్చే వాల్వ్ ఒకటి, రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ మించితే ఆయిల్ వదిలేసేది) ఉన్నది తీసుకోండి. దాని కనెక్షన్ మాత్రం మీ మోడల్ ట్రాక్టర్ లిఫ్ట్ విప్పి బిగించడం తెలిసిన మెకానిక్ చేత చేయించాలి.

దీనికి తోడు సిలిండర్ మీదే బిగించే పైలట్ చెక్ వాల్వ్ తప్పకుండా పెట్టండి. పైపు పగిలినా, లివర్ వదిలినా దవడలు తెరుచుకోకుండా ఇదే ఆపుతుంది. డబ్బు తగ్గించుకోవాలనుకుంటే ఇంకెక్కడైనా తగ్గించండి, దీని దగ్గర వద్దు. స్పూల్ కొనేటప్పుడు లివర్ మధ్యలో ఉన్నప్పుడు రెండు లైన్లూ ట్యాంకుకి తెరుచుకునే రకం అడగాలి. లేకపోతే లైన్లో ప్రెషర్ నిలిచిపోయి చెక్ వాల్వ్ సరిగ్గా మూసుకోదు.

పైపులు 3/8 అంగుళం, రెండు వైరు పొరలున్నవి. సిలిండర్ నిండడానికి పావు లీటరు ఆయిలే పడుతుంది. నిమిషానికి 15 లీటర్ల పంపు అయితే దవడలు ఒక్క సెకనులో మూసుకుంటాయి, వేళ్ళు తీసుకునే టైం కూడా ఉండదు. అందుకే లైన్లో ఫ్లో కంట్రోల్ వాల్వ్ పెట్టి, నాలుగైదు సెకన్లు పట్టేలా వేగం తగ్గించండి. చాలా ట్రాక్టర్లలో గేర్‌బాక్సుకీ లిఫ్ట్‌కీ ఒకటే ఆయిల్. కొత్త సిలిండర్లో మిగిలిన ఇనుప రజను నేరుగా గేర్లలోకి పోతుంది, కాబట్టి సిలిండర్, పైపులు కడిగాకే కలపాలి. కప్లింగులకి మూతలు ఉండాలి, ఒండ్రు మట్టి చాలా మెత్తగా ఉండి ఎక్కడికైనా దూరిపోతుంది.

మొదటిసారి నడపడం

ఖాళీగా పదిసార్లు తెరిచి మూసి గాలి పోగొట్టండి. ఆయిల్ మట్టం చూసుకోండి. తర్వాత చిన్న దుంగని పట్టి, అడుగు ఎత్తు లేపి, ఇంజను ఆపేసి, సిలిండర్ రాడ్డు మీద సుద్దముక్కతో గీత పెట్టి పది నిమిషాలు చూడండి. గీత కదిలితే చెక్ వాల్వో, సీలో కారుతున్నట్టు. ఎక్కడైనా ఆయిల్ చిమ్ముతుందేమోనని చేత్తో తడమొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఆ ప్రెషర్‌కి సూదిమొన అంత చిల్లు నుంచి వచ్చే ఆయిల్ కూడా చర్మం లోపలికి పోతుంది. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

కొబ్బరి మానుని మొదలు వైపు, ఉబ్బుకి కాస్త పైన పట్టండి. ఈడ్చేటప్పుడు ఆ ఉబ్బే జారకుండా ఆపుతుంది. మొదటి గేరులోనే కదలండి. దుంగ ఏ మోడుకో తగిలి ముందు చక్రాలు తేలిక అయినట్టు అనిపిస్తే వెంటనే క్లచ్ తొక్కి లిఫ్ట్ దించేయండి. గట్టు వాలుకి అడ్డంగా లాగొద్దు, వెనక మనుషులెవరూ నడవకూడదు.

పని అయ్యాక దవడలు పూర్తిగా తెరిచి నేల మీద దించండి. అప్పుడు రాడ్డు సిలిండర్ లోపలే ఉంటుంది, ఉప్పు గాలికి తుప్పు పట్టదు. మొదటి రోజు పని తర్వాత మట్టి కడిగి, పిన్నుల చుట్టూ ఉన్న అతుకుల్ని టార్చి వేసి చూడండి. వెంట్రుకంత గీత కనిపించినా దాన్ని గ్రైండింగ్ చేసి మళ్ళీ అతికించాకే రెండో దుంగ పట్టాలి.