సెలైన్ చుక్కల లెక్కను ఆటగా నేర్పడం ఎలా?

డ్రిప్ రేటు సూత్రం చెప్పమంటే నర్సింగ్ మొదటేడు పిల్లలు తడుముకోకుండా అప్పజెప్పేస్తారు. స్టాండుకు సీసా తగిలించి "నిమిషానికి ఎన్ని చుక్కలు పెడతావమ్మా?" అంటే మాత్రం పక్కవాళ్ల మొహం చూస్తారు. ఈ ఆట వాళ్ల కోసమే. గంట చాలు.

ఐవీ స్టాండు, నీళ్లు నింపిన సెలైన్ సీసా, మాక్రో సెట్టు (పెద్ద చుక్కలు పడే గొట్టం), మైక్రో సెట్టు (చిన్న చుక్కలు పడేది), బకెట్టు, సెకన్ల ముల్లున్న వాచీ సిద్ధం చేసుకోండి. గొట్టం కొసను బకెట్టు అంచుకు టేపుతో అంటించండి. సీసా మీద, సెట్ల మీద "ప్రాక్టీసుకు మాత్రమే" అని పెద్దగా రాయండి. ఇవి పొరపాటున కూడా వార్డుకు పోకూడదు.

తర్వాత చీటీలు. ఒక్కో దాని మీద ఒక ఆర్డరు: "500 మి.లీ., 4 గంటల్లో". సెట్టు మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలదో రాయకండి. అది ప్యాకెట్టు మీదే ఉంటుంది, తిప్పి చూసుకోవాల్సింది వాళ్లే.

నలుగురేసి జట్లు చేయండి. ఒకరు లెక్క వేస్తారు, ఒకరు రోలర్ క్లాంప్ (గొట్టం మీద చుక్కల వేగం పెంచే, తగ్గించే చిన్న చక్రం) తిప్పుతారు, ఒకరు వాచీ చూస్తూ చుక్కలు లెక్కపెడతారు, నాలుగోవాళ్లు తప్పులు పడతారు. చీటీ మారినప్పుడల్లా పనులూ మారాలి. లేకపోతే లెక్కలొచ్చిన అమ్మాయి ఒక్కతే ఆడుతుంది.

పై చీటీకి 20 చుక్కల సెట్టు ఇచ్చారనుకోండి. 500ను 20తో గుణించి 240 నిమిషాలతో భాగిస్తే 41.67, అంటే 42 చుక్కలు. లెక్క సరిపోతే 5 మార్కులు. నిమిషం పాటు లెక్కపెడితే రెండు చుక్కల తేడాలో ఉందా, ఇంకో 5. గొట్టంలో గాలి బుడగ కనిపిస్తే సున్నా. ముందు ముగించినవాళ్లకు మార్కులు ఇవ్వకండి. మొదట్లో నేనిచ్చాను, అందరూ ప్యాకెట్టు చూడటం మానేశారు.

మధ్యలో ఒక మెలిక పెట్టండి. "100 మి.లీ., 2 గంటల్లో" అన్న చీటీతో 60 చుక్కల మైక్రో సెట్టు ఇవ్వండి. రావాల్సింది 50. అలవాటుగా 20 వేసుకున్నవాళ్లకు 17 వస్తుంది, అంటే మందు మూడో వంతే వెళ్తుంది. ఇక్కడ ఆట ఆపి పది నిమిషాలు మాట్లాడించండి. ఎవరు తప్పు చేశారని కాదు, ఏ దశలో తప్పిందని అడగండి.

ఆఖరి చీటీ నడుస్తుండగా, వాళ్లు చూడనప్పుడు స్టాండును ఓ జానెడు దించండి. చుక్కలు నెమ్మదిస్తాయి. ఎవరూ చెప్పకుండానే మళ్లీ లెక్కపెట్టిన జట్టుకు 10 మార్కులు.