దోమియే బొమ్మలు చదువుదాం – నాలుగో పాఠం: అంచుల్లో ఏముంది?

ఒనోరే దోమియే పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి వ్యంగ్యచిత్రకారుడు. ఆయన బొమ్మలు తయారైన రాతి అచ్చు (లితోగ్రఫీ) సంగతి పోయిన పాఠంలో చూశాం. సున్నపురాయి మీద జిడ్డు పెన్సిల్‌తో గీసి, రాయిని తడిపి, సిరా రోలరు తిప్పితే, గీత ఉన్నచోట సిరా పట్టుకుంటుంది, తడిచోట పట్టుకోదు. ఈసారి బొమ్మ జోలికి తర్వాత వెళ్దాం. ముందు దాని చుట్టూ ఉన్న తెల్ల కాగితం చదవడం నేర్చుకోవాలి.

చాలామంది ఇళ్ళలో ఈ ఫ్రెంచి వ్యంగ్యచిత్రాలు ఫ్రేములోనే కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే. ఫ్రేము షాపువాళ్ళు అందంగా ఉంటుందని మౌంట్ బోర్డును (బొమ్మ చుట్టూ పెట్టే అట్టను) బొమ్మ అంచు దాకా జరిపేస్తారు. పైన ఉన్న శీర్షిక, కింద ఉన్న మాటలు, ప్రచురణకర్త చిరునామా అన్నీ దాని కిందికి పోతాయి. నవ్వు సగం ఆ మాటల్లోనే ఉంటుంది. మాటలు దాచేసిన దోమియే బొమ్మను గోడకు తగిలించడం నాకైతే సహించదు.

కాబట్టి మొదటి పని, ఫ్రేము విప్పడం. బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, ఫ్రేమును బోర్లా పెట్టి, వెనక అట్ట తీయండి. బొమ్మను అట్టకు జిగురుతో అతికించి ఉంటే మాత్రం లాగొద్దు. ఆ స్థితిలో కనిపించినంత వరకే చదువుకోండి.

ఇప్పుడు అంచులు. పైన సాధారణంగా ఆ వరుస పేరు, ఒక మూల బొమ్మ నంబరు ఉంటాయి. దోమియే విడి బొమ్మలు గీసింది తక్కువ. ‘మంచి బూర్జువాలు’, ‘న్యాయస్థానం మనుషులు’, ‘అద్దెవాళ్ళు, ఇంటి యజమానులు’ అంటూ వరుసలు వరుసలుగా గీశాడు. ఆయన రాతి అచ్చు బొమ్మలు మొత్తం 4 వేల దాకా ఉన్నాయి. వరుస పేరు తెలిస్తే బొమ్మలోని లావాటి పెద్దమనిషి ఇంటి యజమానో, అద్దెకున్నవాడో తేలిపోతుంది.

కింద చిన్న అక్షరాల్లో ప్రచురణకర్త చిరునామా ఉంటుంది. తొందరపడి దాటిపోవద్దు, కాలం పట్టిచ్చేది అదే. ‘షె ఒబేర్’ (అంటే ‘ఒబేర్ దగ్గర’) అని ఉండి, పక్కన పారిస్‌లోని వేరో-దొదా గ్యాలరీ అని ఉంటే 1830ల బొమ్మ. అదే ఒబేర్, ప్లాస్ ద లా బూర్స్ (పారిస్‌లోనే ఒక కూడలి) అని ఉంటే 1840ల నాటిది. మార్తినే అనే మరో ప్రచురణకర్త పేరు కనిపిస్తే ఇంకా తర్వాతది. ఒబేర్ సంస్థ వెనక ఉన్న మనిషి షార్ల్ ఫిలిపోన్. 1832లో ‘ల షారివారి’ దినపత్రిక పెట్టింది ఆయనే. బొమ్మలో ఓ మూల ‘హెచ్. డి.’ అని సంతకం కనిపిస్తుంది. దాన్ని చూసి మురిసిపోకండి. అది రాతి మీదే గీసింది, ఏ నకలులోనైనా అలాగే వస్తుంది.

ఇక మీ దగ్గరున్నది నాటి అచ్చా, నేటి నకలా? పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. ఫోనులో మాక్రో కెమెరా ఉన్నా సరిపోతుంది. ముఖాల మీది నీడ దగ్గర పెట్టి చూడండి. చుక్కలు బారులు తీరి కనిపిస్తే అది ఫోటో నుంచి తీసిన అచ్చు. ఆ పద్ధతి వాడుకలోకి వచ్చింది 1880ల తర్వాతే, అప్పటికి దోమియే పోయాడు (1879). నీలం, గులాబీ, పసుపు చుక్కలు చెల్లాచెదురుగా ఉంటే ఈమధ్య ఇంక్‌జెట్ ప్రింటరులో తీసింది. రాతి అచ్చులో చుక్కలకు వరుస ఉండదు. గరుకు రాయి మీద పెన్సిల్ ఎక్కడ తగిలిందో అక్కడే నలుపు, మధ్యలో కాగితం తెల్లగా మిగిలిపోతుంది.

ఇంకో తమాషా గుర్తు. షారివారిలో బొమ్మ వెనక పేజీలో అచ్చు అక్షరాలు ఉండేవి. పలచటి కాగితం కాబట్టి ఆ అక్షరాలు ముందువైపు లీలగా కనిపించేవి. స్కాన్ చేసి తీసిన నకలులో ఆ లీల కూడా బూడిదరంగులో అచ్చయిపోతుంది. మీ కాగితం తిప్పి చూడండి. ముందు అక్షరాల నీడ ఉండి, వెనక ఖాళీగా ఉంటే ఇక డౌటే అక్కర్లేదు. నకలైతే ఏం? చదవడానికి అదీ పనికొస్తుంది.

ఇప్పుడు బొమ్మ దగ్గరికి వద్దాం. 1853 నాటిది ఒకటి తీసుకుందాం. సగం కూల్చిన ఇల్లు, చూస్తూ నిలబడ్డ భార్యాభర్తలు. కింద మాటలు ఇంచుమించు ఇలా ఉంటాయి: “ఇదే కదా అదెలాయీద్, మన పెళ్లినాటి గది... ఈ లిమూజాంవాళ్ళకి దేనిమీదా గౌరవం లేదు, జ్ఞాపకాలంటే లెక్కే లేదు!” లిమూజాంవాళ్ళంటే లిమూజాం ప్రాంతం నుంచి పారిస్‌కు మేస్త్రీ పనికి వలస వచ్చినవాళ్ళు. మనం ‘పాలమూరు కూలీలు’ అన్నట్టే.

ముందు ఆ మాటల మీద చెయ్యి అడ్డం పెట్టండి. చెయ్యి అలా ఉన్నంతసేపూ ఇల్లు పోయిన ఇద్దరు కనిపిస్తారు, జాలి వేస్తుంది. చెయ్యి తీసి చదవండి. నవ్వొస్తుంది, ఎందుకంటే ఆ భర్త కోపమంతా గునపం పట్టినవాడి మీద. కూల్చమన్నది ఎవరు? ఆ ఏడాది జూన్‌లో పారిస్ ఉన్న సేన్ జిల్లాకు ప్రిఫెక్టుగా (పాలనాధికారిగా) వచ్చిన ఓస్మాన్, ఆయన్ను నియమించిన చక్రవర్తి మూడో నెపోలియన్. వాళ్ళ ఊసే లేదు. 1835 సెప్టెంబరు చట్టాలు రాజకీయ బొమ్మల నోరు నొక్కినప్పుడు దోమియే నగర జీవితం వైపు మళ్ళాడు. 1848 విప్లవం ఆ కట్లు తెంచినా, 1852లో ప్రెస్ మీద మళ్ళీ బిగించారు. అంతకు చాలా ముందే, అప్పటి రాజు లూయీ-ఫిలిప్‌ను ఫ్రెంచి కథల్లోని తిండిపోతు రాక్షసుడు గార్గాంతువాగా గీసినందుకు 1832లో జైలుకూ వెళ్ళాడు. చక్రవర్తిని గియ్యకుండా ఆయన కూల్చిన గోడను గియ్యడంలో తెలివి అదే.

ఒక జాగ్రత్త. ఆ కింది మాటలు చాలాసార్లు దోమియేవి కావు, పత్రికలో వేరేవాళ్ళు రాసేవారు. ‘రొబేర్ మకేర్’ వరుసకు ఫిలిపోనే రాశాడు. మన వారపత్రికల కార్టూనుల్లో బొమ్మా మాటా ఎక్కువగా ఒకరివే, ఇక్కడ అలా అనుకుంటే తప్పుదారి పడతాం. మాట ఒకలా, బొమ్మ ఇంకోలా చెబుతుంటే నేను బొమ్మనే నమ్ముతాను.

ఈ వారం అభ్యాసం: ఏదైనా ఒక బొమ్మ తీసుకుని, మాటలు మూసి, కనిపించింది నాలుగు వాక్యాల్లో రాయండి. మాటలు చదివాక మళ్ళీ నాలుగు రాయండి. రెండిట్లో మారినవాటి కింద గీత గీయండి. ఫ్రేము తిరిగి కట్టించేటప్పుడు మౌంటును అన్ని వైపులా అక్షరాలు దాటి కోయమనండి. షాపతను బాగోదంటాడు, వినకండి.

వచ్చే పాఠం: టోపీలు, గొడుగులు. దోమియే మనుషుల తాహతు వాటితోనే తెలిసిపోతుంది.