ఆరు అరవై అయిన రాత్రి

నేను స్టాఫ్ నర్సుని. ఒకరోజు నైట్ డ్యూటీలో కేస్ షీట్ తిప్పితే ఇన్సులిన్ 60 అని కనిపించింది. భోజనానికి ముందు అరవై యూనిట్లా? చెయ్యి ఆగిపోయింది. డ్యూటీ డాక్టరుగారిని లేపి అడిగితే, "ఆరేనమ్మా" అన్నారు. యూనిట్లకు గుర్తుగా ఆయన రాసిన ఇంగ్లిష్ ‘యు’ అక్షరం పైన నోరు మూసుకుపోయి అచ్చం సున్నాలా ఉంది.

మర్నాడు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌తో కూర్చుని పాత షీట్లు తిరగేశాం. అదే గుర్తు చాలాచోట్ల ఉంది. ఇక నుంచి ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయాలని అనుకున్నాం. పాయింట్ ముందు సున్నా తప్పనిసరి (0.5), చివర సున్నా వద్దు, ఎందుకంటే 5.0లో చుక్క చెరిగితే యాభై అవుతుంది. డాక్టరుగారు ఫోన్‌లో మందు చెబితే ముందు రాసి, రాసింది తిరిగి చదివి వినిపించాలి.

అసలు కష్టం దిద్దుబాట్ల దగ్గర వచ్చింది. వైట్‌నర్ అందరికీ అలవాటు (నాక్కూడా). ఇప్పుడు తప్పు మీద ఒకే గీత, కింద మాట కనబడేలా. పక్కన సంతకం, తేదీ, టైము. షిఫ్టు చివర బీపీ లాంటి రీడింగులన్నీ షీటులో ఒకేసారి నింపడం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. బీపీ మెషీన్ ట్రాలీకే షీటు క్లిప్ చేశాక కాస్త తగ్గింది.

పెద్ద డాక్టరుగారు మొదట విసుక్కున్నారు. ఆ ‘60’ చూపించాను. జేబులోంచి పెన్ను తీసి, ‘యూనిట్లు’ అని పూర్తిగా రాశారు.