పెద్దవాళ్లను డాక్టరుకు చూపించే ముందు వాళ్ల మాటను విప్పి అడగండి

నేను నర్సుని. అమ్మానాన్నలను వెంటబెట్టుకొచ్చే పిల్లలకు చెప్పేదొకటే: వాళ్ల మాటను సరిదిద్దకండి, విప్పి అడగండి.

"వేడి చేసింది" అనగానే మజ్జిగో సబ్జా నీళ్లో ఇచ్చి ఊరుకుంటాం. ఆ మాటే వైద్యాన్ని తేల్చేస్తుంది. వేడి అంటే ఏమిటో విప్పి అడగండి: నోటిపూతా, కళ్ల మంటా, మూత్రంలో మంటా? మూత్రంలో మంటతో పాటు చలిజ్వరం, నడుం పక్కన నొప్పి ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు. మూత్ర పరీక్ష చేయించండి.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది "గ్యాస్ పట్టేసింది" అన్న మాట. గుండెపోటును కూడా మనవాళ్లు ఇలాగే చెబుతారు. చెమటలు పడుతున్నాయా? ఆయాసమా? నొప్పి దవడకో ఎడమ చేతికో పాకుతోందా? షుగర్ ఉన్నవాళ్లకు అసలు నొప్పే తెలియకపోవచ్చు. అనుమానం వస్తే సోడా, వాము వెతకొద్దు, 108కి ఫోన్ చేయండి.

"షుగర్ తగ్గిపోయింది" అంటే మాత్రలు ఆపేశారేమో చూడండి. నేనైతే "అదుపులో ఉంది పెద్దమ్మా, మాత్రలు వేసుకుంటున్నారు కాబట్టే" అంటాను.

"నీరసం", "ఏమీ తోచడం లేదు" అంటే ముందు రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు. అవి బాగుంటే నిద్ర గురించి, దిగులు గురించి అడగండి. "డిప్రెషనా?" అంటే కాదనేస్తారు. "మనసేం బాగోలేదా అమ్మా?" అంటే చాలామంది నోరు విప్పుతారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

డాక్టరుకు ముందు వాళ్ల మాటనే ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు అడిగి తెలుసుకున్నవి ఆ తర్వాత.