కువైట్ ఫ్లైట్ ఎక్కే ముందు డబ్బు జాగ్రత్తలు

రాజోలు, అమలాపురం వైపు నుంచి వెళ్లేవాళ్లు దినార్లు ఊళ్లో ఉండగానే తీసుకోండి. ఎయిర్‌పోర్టు రేటు గిట్టదు.

– రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న దుకాణంలోనే మార్చుకోండి. రసీదు తప్పనిసరి.

– మన రూపాయికి పైసల్లా దినార్‌కి 100 కాదు, 1000 ఫిల్సు. పావు దినార్ నోటంటే 250 ఫిల్సు. ఇంట్లోనే నోట్లు మంచం మీద పరిచి, అంకెలు చూసి గుర్తుపెట్టుకోండి. మా పిన్ని మొదటిరోజు పావు అనుకుని ఐదు దినార్ల నోటు టాక్సీకి ఇచ్చేసింది. పాపం, ఆ రాత్రంతా ఏడ్చింది.

– కార్డుకి విదేశీ వాడకం బ్యాంకు యాప్‌లో ఆన్ చేయండి. అక్కడి ఏటీఎం రూపాయల్లోనా, దినార్లలోనా అని అడిగితే దినార్లే నొక్కండి. రూపాయలంటే వాళ్ల రేటు కట్టి ఎక్కువ కోస్తారు.

– రూపాయలు 25,000 మించి వెంట తీసుకెళ్లకూడదు.