సైప్రస్ మోకాళ్లలో బొమ్మలు చెక్కే విధానం

అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల చిత్తడి అడవుల్లో బాల్డ్ సైప్రస్ చెట్ల చుట్టూ, వేళ్ల నుంచి నిటారుగా లేచి పైకి పోనుపోను సన్నబడే కొయ్య మొలకలు కనిపిస్తాయి. వీటిని సైప్రస్ మోకాళ్లు అంటారు. ఫ్లోరిడాలోని పామ్‌డేల్‌లో టామ్ గాస్కిన్స్ అనే ఆయన వీటి కోసమే ఒక మ్యూజియం నడిపారు. మనుషులను, జంతువులను తలపించే మోకాళ్లను అక్కడ ప్రదర్శనకు ఉంచారు. ఈ పని నేర్చుకునేవారు మొదట గ్రహించవలసినదీ అదే: మోకాలిలో సగం బొమ్మ ముందే ఉంటుంది, కాబట్టి ఎంత తక్కువ చెక్కితే అంత మంచిది.

జాతీయ పార్కుల్లో వీటిని కోయడానికి వీల్లేదు. సొంత భూమిలోనో, యజమాని అనుమతి ఉన్న చోటనో మాత్రమే సేకరించాలి. మొదటి ప్రయత్నానికి 30 నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తున్న మోకాలు సరిపోతుంది. మరీ పెద్దవి తరచు లోపల బోలుగా ఉంటాయి. కోసిన అడుగుభాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కి చూడాలి. మెత్తగా దిగబడితే అది పుచ్చినట్టే.

బెరడు తీయడంలో తొందర పనికిరాదు. పచ్చి మోకాలిని పెద్ద పాత్రలో, నీళ్లు దాన్ని పూర్తిగా కప్పేలా పోసి, బెరడు వదులయ్యేదాకా మరిగించాలి. ఎంతసేపు పడుతుందో పరిమాణాన్ని బట్టి, కోసిన ఋతువును బట్టి మారుతుంది గనుక, మధ్యమధ్య బయటికి తీసి అడుగు అంచున ఒక పోగును లాగి చూడటమే సరైన పరీక్ష. దళసరి చేతి తొడుగులు వేసుకుని, వేడి ఆరకముందే అడుగు నుంచి కొన వైపుకు వలుచుకుంటూ పోవాలి. మొరాయించిన చోట కత్తి వాడకుండా మొద్దు అంచున్న చెక్కపుల్లతో నెట్టాలి. ఎందుకంటే బెరడు కింద బయటపడే నునుపైన, అలలు తేలిన ఉపరితలమే ఈ కొయ్యకున్న అసలు అందం, దానిపై పడిన గీతను తర్వాత ఏ రంగూ దాచలేదు.

వలిచిన మోకాలిని నీడలో, గాలి ఆడే చోట, అడుగుకు కూడా గాలి తగిలేలా రెండు పుల్లల మీద నిలబెట్టి నెలల తరబడి ఆరనివ్వాలి. ఎండలో పెడితే పగుళ్లు తప్పవు. వారానికొకసారి తూకం వేస్తూ, బరువు తగ్గడం ఆగాక పని మొదలుపెట్టవచ్చు.

ఇప్పుడు దాన్ని చేతిలో నెమ్మదిగా తిప్పుతూ అన్ని వైపుల నుంచీ చూడాలి. సన్నటి కొన టోపీ అవుతుంది, పక్కల గట్లు అంగీ మడతలవుతాయి. చాలామంది శాంతాక్లాజ్‌నో, గడ్డమున్న ముసలివాళ్లనో చెక్కడానికి బలమైన కారణం ఉంది: గడ్డం వెంట్రుకలు కొయ్య పోగుల దారిలోనే కిందికి సాగుతాయి. ముక్కును ఎప్పుడూ బాగా ఉబికిన గట్టు మీదనే పెట్టుకోవాలి. చదునైన చోట పెడితే దాన్ని పైకి తేలేలా చేయడానికి రెండు బుగ్గలనూ లోతుగా తవ్వవలసి వచ్చి, సహజమైన ఉపరితలం చాలా వరకు పోతుంది.

పెన్సిలుతో ముఖం మధ్యగీత, టోపీ అంచు, ముక్కు కొన గుర్తించాక, టోపీ అంచు కిందా ముక్కు కిందా కత్తిని నిలువుగా దించి అడ్డుకోత పెట్టాలి. తర్వాత చేసే కోతలు ఆ గీత దగ్గర ఆగిపోతాయి, కొయ్య అంతకు మించి చీలదు. గుండ్రటి మొన ఉన్న ఉలితో కంటి గుంతలు, బుగ్గలు తీసి, వి ఆకారపు ఉలితో గడ్డాన్ని పొడవు పొట్టి గీతలుగా, కాస్త వంపు తిప్పుతూ గీయాలి. ఈ కొయ్య మెత్తనిది. పదును తగ్గిన ఉలి దాన్ని కోయకుండా నలిపేస్తుంది కాబట్టి, పని మధ్యలో తరచు ఉలిని తోలుపట్టీ మీద నూరుకోవాలి. కనురెప్పల దగ్గర పోగులు ఊడి వస్తుంటే, పలచటి సూపర్ గ్లూ ఒక చుక్క ఇంకనిచ్చి, పూర్తిగా ఆరాక కోస్తే అంచు శుభ్రంగా తెగుతుంది. మోకాలిని చేత్తో పట్టుకుని చెక్కేటప్పుడు ఆ చేతికి కోత తగలని తొడుగు ఉండి తీరాలి. ఇంకా మంచి పద్ధతి, అడుగుకు ఒక పలకను స్క్రూలతో బిగించి, ఆ పలకను బల్లకు పట్టించడం.

వలిచిన ఉపరితలానికి ఉప్పుకాగితం తగలనివ్వకూడదు. రంగు వేయాలనుకుంటే అక్రిలిక్ రంగును నీళ్లతో బాగా పలచన చేసి, ముఖానికి, టోపీ అంచుకు మాత్రమే వేసి, ఆరాక మొత్తానికి ‘బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్’ అనే పేరుతో అమ్మే అవిసె నూనె (ఇంట్లో మరిగించినది కాదు) పలచగా పట్టించి, మిగిలిన నూనెను తుడిచేయాలి. ఆ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. అందుచేత వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లు నింపిన మూత ఉన్న లోహపు డబ్బాలో ముంచి ఉంచాలి.