లినక్స్‌లో ఇంటి రికార్డింగుకు మల్టీఛానల్ ఇంటర్‌ఫేస్ ఎంపిక

మైకుల శబ్దాన్ని కంప్యూటర్‌లోకి చేర్చే పెట్టెనే ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. దాన్ని కొనాలంటే ఒకేసారి ఎన్ని మైకులను విడివిడి ట్రాకులుగా రికార్డు చేయాలో ముందుగా లెక్కించుకోవాలి. హనుమకొండలో మా ఇంటి ముందుగదిలో ఒగ్గుకథ బృందాన్ని రికార్డు చేసినప్పుడు ప్రధాన కథకునికి ఒకటి, వంత పాడే ఇద్దరికి రెండు, డోలు రెండు ముఖాలకు రెండు, తాళాలకు ఒకటి చొప్పున ఆరు మైకులు కావలసి వచ్చాయి. గది మొత్తం ధ్వనికి మరొకటి పెడితే ఏడు. కనుక ఇటువంటి పనికి ఎనిమిది మైక్ ప్రీయాంప్‌లున్న (మైకు నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పెంచే సర్క్యూట్లున్న) పరికరమే సరైనది.

పెట్టెపై ముద్రించిన సంఖ్యను నమ్మి మోసపోకూడదు. బెరింగర్ యూఎంసీ1820, ఫోకస్‌రైట్ స్కార్లెట్ 18ఐ20 రెండింటికీ 18 ఇన్‌పుట్‌లున్నాయి గానీ, వాటిలో 8 మాత్రమే నేరుగా మైకు తగిలించుకోగలిగేవి; మరో 8 ఏడాట్ (ఎనిమిది ఛానళ్లను ఒకే తీగలో మోసే డిజిటల్ పద్ధతి) ద్వారా, 2 ఎస్‌పీడిఫ్ (రెండు ఛానళ్ల డిజిటల్ పద్ధతి) ద్వారా వస్తాయి. ఏడాట్‌ను వాడుకోవాలంటే వేరే ప్రీయాంప్ పెట్టె కొనాలి. పైగా 48 కిలోహెర్ట్జ్‌ శాంప్లింగ్ రేటులో (సెకనుకు 48 వేల నమూనాలతో) 8 ఛానళ్లు మోసే ఆ తీగ 96కు వెళ్తే నాలుగే మోస్తుంది.

యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 ప్రమాణాన్ని పాటించే పరికరాన్ని లినక్స్ కెర్నెల్‌లోని (ఆ వ్యవస్థ మూలభాగంలోని) ధ్వని విభాగమైన ఆల్సా వేరే డ్రైవర్ లేకుండానే గుర్తిస్తుంది. అయితే శబ్దం లోపలికి రావడం ఒక సంగతి, పరికరం లోపలి మిక్సర్‌ను మన చేతుల్లోకి తెచ్చుకోవడం మరొక సంగతి. కొన్నింటి మిక్సర్‌ను విండోస్ లేదా మ్యాక్ సాఫ్ట్‌వేర్‌తో తప్ప కదిలించలేము. స్కార్లెట్ రెండవ, మూడవ తరాల నియంత్రణలు కెర్నెల్‌లోనే ఉన్నాయి. వాటికి జెఫ్రీ బెన్నెట్ రాసిన చక్కని నియంత్రణ ప్యానెల్ కూడా ఉంది. ఆ వెసులుబాటు లేని పరికరమైతే, అవసరమైన నాబ్‌లన్నీ ముందు పలకపైనే ఉన్నదాన్ని ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. చవకగా దొరుకుతుందని ఫైర్‌వైర్ అనే పాతకాలపు పోర్టుతో పనిచేసే పెట్టెను కొనవద్దు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టే ఉండదు.

నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఎనిమిది ఛానళ్ల పెట్టె మొదటి రోజు రెండు ఛానళ్లే చూపింది. చెడిపోయిందనుకొని తిరిగి ఇచ్చేయడానికి అట్టపెట్టెలో సర్దేశాను కూడా. తీరా చూస్తే లినక్స్‌లో శబ్దాన్ని ప్రోగ్రాములకు అందించే పైప్‌వైర్ దాన్ని మామూలు స్టీరియోగా తీసుకుంది. సౌండ్ సెట్టింగులలో ప్రొఫైల్‌ను ‘ప్రో ఆడియో’కు మార్చగానే ఆర్డర్ (Ardour) అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎనిమిదీ ప్రత్యక్షమయ్యాయి. కొనేముందు మీ ల్యాప్‌టాప్‌ను దుకాణానికి తీసుకెళ్లి ఇదే పరీక్ష చేయండి.

లేటెన్సీ (శబ్దం లోపలికి వెళ్లి మళ్లీ వినిపించేలోగా జరిగే ఆలస్యం) గురించి అతిగా కంగారు పడనక్కరలేదు. 48 కిలోహెర్ట్జ్‌లో 128 ఫ్రేముల (నమూనాల) బఫర్, అంటే శబ్దాన్ని తాత్కాలికంగా పోగుచేసే భాగం, మూడు పీరియడ్లతో (విడతలతో) 8 మిల్లీసెకన్లవుతుంది. ముందే రికార్డైన ట్రాకును వింటూ దానిపై పాడేవారికి ఇది సరిపోతుంది. బృందమంతా ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు నేరుగా వింటూ పాడుతున్నప్పుడు బఫర్‌ను 512కు పెంచి నిశ్చింతగా ఉండవచ్చు. 24 బిట్లలో ఎనిమిది ట్రాకులకు గంటకు సుమారు 4.1 గిగాబైట్ల స్థలం పడుతుంది.

ఎనిమిది ప్రీయాంప్‌లకు, కండెన్సర్ మైకులకు కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌కు యూఎస్‌బీ తీగ ఇచ్చే కరెంటు చాలదు కనుక సొంత అడాప్టర్ ఉన్న పరికరాన్నే తీసుకోవాలి. ఎర్తింగ్ సరిగా లేని పాత ఇళ్లలో హెడ్‌ఫోన్‌లో గుయ్‌మని హమ్ వినిపిస్తే, ఇంటర్‌ఫేస్‌ను తప్పుపట్టే ముందు ల్యాప్‌టాప్ చార్జర్‌ను ఊడదీసి బ్యాటరీపై నడిపి చూడండి. హమ్ ఆగిపోతే పిలవవలసింది ఎలక్ట్రీషియన్‌ను.